ముద్ర పడ్డాక గీసిన గీత

మా సార్ టేబుల్ సొరుగులో సగానికి విరిచిన షేవింగ్ బ్లేడు ఒకటి ఎప్పుడూ ఉండేది. ట్రేసింగ్ కాగితం మీద నల్ల సిరాతో గీసిన గీత తప్పయితే, ఆ బ్లేడు అంచుతో మెల్లగా గీకి తీసేసి, గోటితో ఆ చోటును నున్నగా రుద్ది, మళ్ళీ గీసేవాళ్ళం. ఓపికగా గీకితే అక్కడ ముందు ఏముండేదో ఎవరికీ తెలియదు. నాకు ఆ పని బాగా వచ్చేది. ఆ బ్లేడుకు ఒక హద్దు ఉందని, ఆ హద్దు సార్ గుండ్రటి రబ్బరు ముద్ర అని మాత్రం ఒక బంద్‌కు ముందు రోజు తెలిసింది. ఆ తర్వాత నేను లెక్కలు చూసే తీరే మారిపోయింది.

మాది కోరుట్ల. ఏడో తరగతి తర్వాత నన్ను బడి మానిపించారు. మా వాడకట్టులోని ఆడపిల్లలందరిలాగే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టాను. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. కట్టలు లెక్కపెట్టడం, ఎంత తునికాకుకు ఎన్ని బీడీలు రావాలో ముందే అంచనా కట్టడం నాకు ఆటగా ఉండేది. జగిత్యాలలో లైసెన్సున్న ఇంజనీరు ఒకాయనకు ఎస్టిమేట్లు నకలు రాయడానికి చేతిరాత బాగున్న మనిషి కావాలట అని మా చిన్నమ్మ వినొచ్చి చెబితే, మా నాయన నన్ను బస్సెక్కించి తీసుకుపోయాడు. సార్ నా చేత నాలుగు వరుసలు రాయించి చూసి, "రేపటి సంది రా బిడ్డా" అన్నారు. అంతే.

మొదటి ఏడాది ఏం రాస్తున్నానో తెలియకుండానే రాశాను. పొడవు, వెడల్పు, లోతు, గుణించి పక్కన. రాస్తూ రాస్తూ ఉంటే ఆ అంకెల వెనక గోడలు కనబడడం మొదలయింది. అడిగితే సార్ విసుక్కోకుండా చెప్పేవారు. ఇనుప రాడ్ మందం ఎన్ని మిల్లీమీటర్లో ఆ అంకెను దానితోనే గుణించి, నూట అరవై రెండుతో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుందని ఆయన చెప్పిన రోజు, ఇంటికి పోయేటప్పుడు బస్సు కిటికీ ఊచలకు కూడా బరువు కట్టుకుంటూ పోయాను. మూడో ఏడు వచ్చేసరికి రాడ్ల పట్టికలు రాయడం, మొత్తాలు సరిచూడడం నా పనయింది. ముద్ర వేయడం సార్ పని.

అవి అన్నల కాలం. గోడల మీద నక్సలైట్ల ఎర్ర అక్షరాలు, రోడ్ల మీద పోలీసు తనిఖీలు, ఎక్కడో ఎన్‌కౌంటర్ అయితే రెండు రోజులకు బంద్. బంద్ అంటే బస్సులు డిపో దాటవు, దుకాణాలు తలుపు తీయవు. మేము కూడా వానకు గొడుగు వెతుక్కున్నట్టు బంద్‌ను బట్టి పని సర్దుకునేవాళ్ళం.

ఆ రోజుల్లో సిరిసిల్ల నుంచి ఒక ఆలుమగలు మా ఆఫీసుకు వచ్చారు. ఆయన పవర్‌లూమ్ మగ్గాల మీద పని చేస్తాడు. ఆమె బీడీలు చుడుతుంది. ఆమె తమ్ముడి ఇల్లు కోరుట్లలో మా సార్ గీసిందే. ఆమెకు అదే ఇల్లు కావాలి, కాకపోతే మెట్లు రెండో దిక్కుకు రావాలని వాస్తు చూసినాయన చెప్పాడు.

"నా తమ్ముని ఇల్లు అద్దంల చూసినట్టుండాలె సారూ" అందామె. "బాల్కనీ మాత్రం పెద్దగుండాలె. మా గల్లీ ఆడోళ్ళమంత ఆడ కూసుండి బీడీలు చేస్కోవాలె. కింద మగ్గాల చప్పుడుకు ఒకల మాట ఒకలకు ఇనవడది. మాట్లాడుకోక మా నోళ్ళు తుప్పు వట్టినయ్."

"ఎవలి నోరు? నీదా?" అన్నాడు ఆమె భర్త, మెల్లగా.

సార్ నవ్వి, "ఎంతమంది కూసుంటరమ్మా?" అని అడిగారు. ఆమె వేళ్ళ మీద పేర్లు చెప్పుకుంటూ పోయింది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. "చాటలు, తంబాకు, పిల్లలు అదనం" అని కూడా అంది. సార్ అవన్నీ రాసుకుని, బాల్కనీని మోసే బీముల్లో పై రాడ్లు పెంచారు. గోడ దాటి బయటికి వచ్చే బీముకు బలమంతా పై రాడ్లలోనే ఉంటుంది. కింద ఎన్ని పెట్టినా లాభం లేదు. తమ్ముడి ఇంటికి అప్పటికింకా పునాది తీయలేదు, నక్ష మీద ముద్ర కూడా పడలేదు కాబట్టి, ఆ బాల్కనీని, పట్టికను కూడా అదే లెక్కతో సవరించి, రెండిళ్ళకూ ఒకటే పట్టిక ఉంచారు.

అద్దంలో చూసినట్టు గీయడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. గాజు బల్ల కింద బల్బు వెలిగించి, పాత ట్రేసింగ్‌ను బోర్లా పరిచి, దాని మీద కొత్త కాగితం పెట్టి గీసుకునేవాళ్ళం. గీతలు వాటంతట అవే తిరగబడతాయి. అక్షరాలు, అంకెలు మాత్రం మళ్ళీ రాసుకోవాలి. సార్ గీతలు గీసి, బీములకు ఎప్పటిలాగే ఎడమ నుంచి కుడికి ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అని నంబర్లు వేశారు. నేను పాత పట్టికను చూసి అదే కాగితం మీద పక్కన కొత్త పట్టిక రాశాను. మొత్తం ఇనుము కూడితే తమ్ముడి ఇంటి లెక్కతో కిలో తేడా లేకుండా కలిసింది. అద్దంలో బొమ్మకు బరువు మారదు కదా. సరిపోయిందని చెప్పాను. సార్ ముద్ర వేసి సంతకం చేశారు. నాలుగు ప్రింట్లు తీశాం. ఒకటి ఇంటివాళ్ళకు, ఒకటి రాడ్లు కట్టే మేస్త్రికి, ఒకటి సిరిసిల్ల మున్సిపల్ ఆఫీసుకు, ఒకటి మాకు.

ఆ తర్వాత పునాదులు పడ్డాయి, గోడలు లేచాయి. ఒక రోజు ఆమె బస్సు కండక్టరు చేత కబురు పంపింది. రేపు బంద్ కాబట్టి రేపే స్లాబు పోస్తారట. బంద్ రోజు మగ్గాలు ఆగుతాయి, గల్లీలో అందరి చేతులూ ఖాళీగా ఉంటాయి, కూలీలను వెతుక్కునే పని లేదు. కుదిరితే మమ్మల్ని కూడా రమ్మంది.

ఆ ఉదయమే కోరుట్లలోని తమ్ముడు తన ఇంటి మీద ఒక గది వేసుకుంటానని చెబితే, సార్ పాత ట్రేసింగ్ తీసి గాజు బల్ల మీద పరిచారు. సిరిసిల్ల ట్రేసింగ్ కూడా చూద్దామని దాని మీద బోర్లా వేశారు. కింద బల్బు వెలిగింది. గీత మీద గీత కూర్చుంది. గోడ మీద గోడ, మెట్ల మీద మెట్లు. అంకెలు మాత్రం కలవలేదు. పాత ఒకటి మీద కొత్త అయిదు ఉంది. పాత అయిదు మీద కొత్త ఒకటి.

ఇద్దరం ఒకేసారి చూశాం. ఎవరం ముందు మాట్లాడామో గుర్తు లేదు.

పాత ఇంట్లో బాల్కనీ ఎడమ దిక్కున ఉంది, దాని బీములు ఒకటి, రెండు. పట్టికలో ఒకటికి, రెండుకు పైన అదనపు రాడ్లు రాసి ఉన్నాయి. కొత్త ఇంట్లో బాల్కనీ కుడికి పోయింది. దాని బీములు ఇప్పుడు నాలుగు, అయిదు. పట్టిక మాత్రం పాతదే. అంటే అదనపు రాడ్లన్నీ మెట్ల దిక్కుకు పోయాయి. ఆ గల్లీ ఆడవాళ్ళంతా పిల్లలతో, చాటలతో కూర్చోవలసిన బాల్కనీకి పైన రెండేసి రాడ్లు మిగిలాయి. సార్ గీసిన బొమ్మ సరైనదే. నేను రాసిన పట్టిక సరైనదే. మొత్తం కూడా సరైనదే. తప్పు బొమ్మకు, పట్టికకు నడుమ ఉన్న సందులో ఉంది. ఆ సందులోకి ఎవరమూ చూడలేదు.

సార్ ఎదురుగా ఉన్న ఎస్‌టీడీ బూతుకు పోయారు. సిరిసిల్లలో ఆ ఇంటి పక్కనున్న మగ్గాల సేటుకు ఫోన్ ఉంది. లైను కలవలేదు. కాసేపాగి మళ్ళీ చేశారు. కలవలేదు. బూతు అతను, "రేపు బంద్ గదా సార్, అందరు ఇయ్యాల్నే మాట్లాడుతున్నరు" అన్నాడు.

సార్ తిరిగి వచ్చి ట్రేసింగ్ ముందు కూర్చున్నారు. నేను అలవాటు ప్రకారం సొరుగు తెరిచి బ్లేడు అందించాను. ఆయన దాన్ని తీసుకుని, చూసి, మళ్ళీ సొరుగులో పెట్టారు.

"ముద్ర పడక ముందు బ్లేడు. పడ్డంక గీతే బిడ్డా."

"సార్, టైం లేదు. మధ్యాహ్నం దాటితే బస్సులు బంద్ పెడతరు. పోయి నోటితోని చెప్దాం. గీ కాగితం ఎన్కకు అచ్చినంక దిద్దుకుందాం."

"నోటితోని చెప్తె ఎవలు ఇంటరు? ఇన్నా, ఆ మేస్త్రి రేపు ఇంకో పనికి పోతడు. ఆయన తాన ఉన్న కాగితం ఆడ్నే ఉంటది. కొత్తోడు అచ్చి గదే చూస్తడు. గీకి కొత్త ప్రింట్ ఇచ్చినమనుకో. రెండు కాగితాలు, రెండింటి మీద నా ముద్రే. ఏది ముందుదో ఏది ఎన్కదో ఎట్ల తెల్వాలె?"

ఆయన స్కేలు పెట్టి పట్టికలోని తప్పు అంకెల మీద సన్నగా ఒక్క గీత గీశారు. కింది అంకె చదవవచ్చు. పక్కన సరైన అంకె రాశారు. ప్రతి దిద్దుబాటు పక్కనా చిన్న త్రిభుజం గీసి అందులో ఒకటి వేశారు. అడుగున ఒక గడి గీసి, 'మొదటి సవరణ: బాల్కనీ బీముల పై రాడ్లు నాలుగు, అయిదు నంబర్లకు మార్చడమైనది, పాత నకళ్ళు చెల్లవు' అని రాసి, తేదీ వేసి సంతకం చేశారు. నేను గుమ్మం దగ్గరికి పోయి, లోపలికి వచ్చి, మళ్ళీ గుమ్మం దగ్గరికి పోతున్నాను. ఆయన చేయి మాత్రం తొందరపడలేదు.

ఆ గడిలో ఆయన సంతకం పక్కన 'సరిచూసినది' అని రాసి కలం నాకు ఇచ్చారు.

"నాకు లైసెన్స్ లేదు సార్."

"ముద్ర నాది. ఏమన్నైతే నన్నే అడుగుతరు. కానీ ఇంకో మనిషి చూసిందని ఉండాలె. ఊకె పెట్టకు. చూసి పెట్టు."

అప్పుడు మొదటిసారి నేను మొత్తం కూడలేదు. ఎడమ చేతి వేలు బొమ్మలోని బీము మీద పెట్టాను, కుడి చేతి వేలు పట్టికలోని వరుస మీద పెట్టాను. ఈ బీము ఎక్కడుంది, ఏం మోస్తుంది, ఈ వరుస దానికేం ఇస్తుంది. తర్వాతి బీము. అలా అయిదూ చూశాక నా పొడి అక్షరాలు పెట్టాను. ఒక కాగితం మీద ఒకరు చూశారని నా అక్షరాలు ఉండడం అదే మొదలు. ఈ రోజుకీ ఆయనకు నేను చెప్పుకోగలిగిన కృతజ్ఞతల్లో పెద్దది ఆ కలం ఇచ్చినందుకే.

ప్రింట్ల దుకాణం అతను షట్టరు దించబోతుంటే పట్టుకున్నాం. ముక్కు మండే అమ్మోనియా వాసనతో తడి తడిగా ఉన్న నీలం కాగితాలను గొట్టంలా చుట్టుకుని బస్టాండుకు పోతే, సిరిసిల్లకు బస్సు లేదు. వేములవాడ వరకే పోయే బస్సు ఒకటి కదులుతోంది. ఎక్కాం. వేములవాడలో దిగితే అక్కడి నుంచి మనుషులను కుక్కుకుని ఒక జీపు పోతోంది. అందులో నన్ను ముందు ఇరికించి, సార్ వెనక వేలాడుతూ నిలబడ్డారు. యాభై దాటిన మనిషి, తెల్ల బట్టలు, ఒక చేత్తో ఊచ, ఒక చేత్తో ప్రింట్ల గొట్టం.

ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా పోలీసులు జీపు ఆపారు. అందరినీ దింపారు. ఎస్సై కన్ను నేరుగా గొట్టం మీద పడింది.

"ఏందది?"

"ఇంటి నక్ష సార్."

జీపు బానెట్ మీద పరిపించాడు. "ఎవలిల్లు? గీ గుండ్రాలేంది? గీ నంబర్లేంది?"

"మగ్గాలు నడిపేటాయన ఇల్లు సార్. అవి పిల్లర్లు, బీములు."

"మరి గీడ ఎందుకు కొట్టేసిండ్రు?"

"తప్పుండె. దిద్దిన."

"మీద నీ ముద్రనే ఉన్నది గద?"

"నాదే సార్. అందుకే నేనే పోతున్న. రేపు స్లాబు పోస్తరు."

ఎస్సై త్రిభుజాలను ఒక్కొక్కటిగా చూశాడు. కొట్టేసిన అంకెలు చదివాడు. కింద తేదీ చూసి, "ఇయ్యాల్టిదే" అన్నాడు, పక్కనున్న కానిస్టేబుల్‌తో. తర్వాత నా వైపు చూశాడు. ఆ రోజుల్లో ఆడపిల్ల ఎవరితో ఎక్కడికి పోతోందో సరైన జవాబు లేకపోతే పరిస్థితి మరోలా ఉండేది.

"గీమె ఎవరు?"

"మా లెక్కలామె."

"లెక్కలామెకే లెక్క తప్పిందా?"

"ఆమె లెక్క తప్పలే సార్. నా బొమ్మకు, ఆమె లెక్కకు నడుమ తప్పింది. ఇద్దరం కల్సి దిద్దినం. గిది ఆమె దస్కతు."

ఎస్సై నా పొడి అక్షరాల మీద వేలు పెట్టి చూసి, చిన్నగా నవ్వాడు. "ముద్రేసినంక తప్పని ఒప్పుకునేటోణ్ణి గిప్పుడే చూస్తున్న. మా తాన దస్కతైనంక ఒక్క అక్షరం కదలది. సర్లే, చుట్టుకో." గొట్టం చుడుతుంటే అంచు నలగకుండా కానిస్టేబుల్ ఒక కొన పట్టుకున్నాడు.

లెక్కలామె. అప్పటి దాకా నేను ఆఫీసులో నకలు రాసే అమ్మాయిని. ఆ మాట రోడ్డు మీద, తుపాకుల నడుమ పుట్టింది. నాకు అదే పేరయింది.

మేం చేరేసరికి పొద్దు పడమరకు వాలింది. గల్లీ అంతా మగ్గాల చప్పుడు. సెంట్రింగ్ పలకల మీద ఇనుము మొత్తం కట్టి ఉంది. ఇసుక, కంకర, సిమెంటు బస్తాలు వరుసగా ఉన్నాయి. ఆమె మమ్మల్ని చూసి చాట పక్కన పెట్టి లేచింది.

"అబ్బా సారూ, రేపటి పనికి ఇయ్యాల్నే అచ్చిండ్రా? మా ఇంటి మీద గింత ప్రేమనా?"

సార్ చెప్పులు విప్పి నిచ్చెన ఎక్కారు. పైనుంచే చెప్పారు. సంగతి మొత్తం, ఏదీ దాచకుండా. ఆమె ముఖం మారింది.

"ముద్రేసినంక తప్పుంటదా? గట్లయితే మల్ల ముద్రెందుకు సారూ? ముద్ర జూసే గద మేం నమ్మింది!"

"ముద్ర అంటె తప్పు లేదని కాదమ్మా. తప్పుంటె ఎవలి తాన్కి పోవాలెనో తెల్వనీకి."

ఆమె నడుం మీద చేయి పెట్టుకుంది. "మేం మీ తాన్కి రాలే. మీరే అచ్చిండ్రు" అంది. గొంతులో ఇంకా కోపం ఉంది. కానీ లోపలికి పోయి రెండు చెంబుల నీళ్ళు తెచ్చింది.

రాడ్ల మేస్త్రి మరోలా తీసుకున్నాడు. అతను కూడా ఒకప్పుడు మగ్గం మనిషే. "నక్షల ఉన్నట్టే కట్టిన సార్. ఒక్క రాడ్ ఎక్వ లేదు, తక్వ లేదు."

"ఎరుకే తమ్మీ. నీ పని సక్కగున్నది."

"బాల్కనీ దిక్కు పల్చగుందని నాకు గూడ మనసుల అనిపించింది. మీకు అనిపించలేదా అనుకున్న. ముద్ర ఉన్నదని ఊకున్న." అతను పలకల అంచున కూర్చుని ఇనుప హుక్కును వేళ్ళ మధ్య తిప్పాడు. "కానీ సార్, నోటి మాటకు నేను ఒక్క రాడ్ కదలియ్య. రేపు ఏమన్నైతే, నక్షల ఒకటున్నది, నువ్వొకటి కట్టినవని నా మెడకే సుట్టుకుంటది."

జగిత్యాలలో నేను గుమ్మం దగ్గర తిరుగుతున్నప్పుడు సార్ చేయి ఎందుకు తొందరపడలేదో నాకు అప్పుడు తెలిసింది. ఆయన గొట్టం విప్పి కొత్త ప్రింటు ఇచ్చారు. మేస్త్రి దాన్ని తన పాత ప్రింటు పక్కన పరుచుకుని, కొట్టేసిన అంకె, కొత్త అంకె, కొట్టేసిన అంకె, కొత్త అంకె అని వేలితో పోల్చుకుంటూ పోయాడు. చివరి గడి చదివి, "గిప్పుడు మంచిగున్నది" అని పాతది సార్ చేతికి ఇచ్చాడు. సార్ దాని మీద అడ్డంగా 'రద్దు' అని రాసి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంటివాళ్ళ ప్రింటు కూడా అడిగి తీసుకున్నారు. ఆమె దాన్ని దేవుని పటం వెనక దాచింది. తెచ్చి ఇస్తూ, "బొట్టు గూడ పెట్టిన సారూ దీనికి" అంది. నిజంగానే ముద్ర మీద కుంకుమ బొట్టు ఉంది. సార్ బొట్టు మీద పడకుండా పక్కన 'రద్దు' అని రాశారు.

కొత్త ఇనుము ఒక్క ముక్క కూడా అవసరం పడలేదు. మెట్ల దిక్కు బీముల కట్లు విప్పి, అదనపు రాడ్లను రింగుల్లోంచి లాగి, బాల్కనీ దిక్కుకు మోసుకొచ్చి దూర్చాలి. మగ్గాలు ఆపి ఇంటాయన, పక్కింటివాళ్ళు పైకెక్కారు. నేను ప్రింటు పట్టుకుని ఒక్కొక్క వరుస చదివాను. మేస్త్రి కట్టాడు, సార్ వంగి లాగి చూశారు. ఇనుము మొత్తం ముందు ఎంతో తర్వాతా అంతే. కూడికకు ఈ తేడా ఎప్పటికీ తెలిసేది కాదు. పొద్దుగూకే లోపల చివరి కట్టు పడింది.

"ఏంది లెక్కలామె, ఇంకేమన్న అద్దంల మర్లిందా?" అని కింద నుంచి ఆమె అరిచింది. పేరు అప్పుడే గల్లీకి కూడా చేరింది. జీపులో మాతో వచ్చినవాళ్ళు చెప్పినట్టున్నారు.

మర్నాడు బంద్ కాబట్టి మేం ఎటూ పోలేకపోయాం. సిరిసిల్లలో మగ్గాలు ఆగితే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నేను ఆ రోజే విన్నాను. ఆ నిశ్శబ్దంలో గల్లీ అంతా వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలు అందించుకుంది. నేను కూడా నిచ్చెన పక్కన వరుసలో నిలబడ్డాను. ఇంటామె నా పక్కనే ఉంది. ప్రతి తట్టకూ ఒక మాట అంటోంది. "గీ తట్ట బాల్కనీకి. గిది నీ తప్పుకు. గిది మీ సార్ ముద్రకు." బాల్కనీ మీద కాంక్రీటు పడుతున్నంతసేపూ సార్ అక్కడి నుంచి కదలలేదు. పై రాడ్లు ఎవరి కాలి కిందా కుంగకుండా కాపలా కాసినట్టు నిలబడ్డారు.

ఇంకొక ప్రింటు మిగిలింది. బంద్ అయిపోయిన మర్నాడు మున్సిపల్ ఆఫీసుకు పోతే, అక్కడి గుమాస్తా ఫైలు మీద చేయి పెట్టి కూర్చున్నాడు.

"అయిపోయిన ఫైలు సార్ గిది. ముద్ర మీద ముద్ర పడ్డది. గిప్పుడు దీన్ని ముడితె నాకు తిప్పలు. ఎట్లనో అట్ల ఇల్లు సక్కగనే కట్టిండ్రు గద, గీ కాగితం ఎవలు చూస్తరు?"

"ఎవలో ఒకలు చూస్తరు. రేపు వాళ్ళు మీద ఇంకో అంతస్తు ఏస్తమంటె గీ కాగితమే తీస్తరు. అప్పుడు నేనుంటనో, నువ్వుంటవో."

"మీరు తప్పు చేసినట్టు మీరే రాసిచ్చుకుంటున్నరు సార్. తెలుస్తున్నదా?"

"తెల్సే తెచ్చిన."

గుమాస్తా టీ తాగి వచ్చాడు. సార్ అక్కడే కూర్చుని ఉన్నారు. అన్నం తిని వచ్చాడు. సార్ అక్కడే ఉన్నారు. చివరికి ఆయనే నవ్వి, "మీరు పోయేటట్టు లేరు" అని, సవరణ ప్రింటును, పాతదాన్ని కలిపి దారంతో కుట్టి, రెండూ అందినట్టు సంతకం చేశాడు. జగిత్యాల బస్సులో సార్ కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. ఆయన అలసిపోయారని నాకు అప్పుడు తట్టింది.

సార్ ఇప్పుడు లేరు. నేను కోరుట్లలో కంప్యూటర్ ముందు కూర్చుని ఇళ్ళకు రాడ్ల పట్టికలు వేస్తున్నాను. ఇప్పుడు తప్పు దిద్దడానికి బ్లేడు కూడా అక్కర్లేదు. ఒక మీట నొక్కితే పాత అంకె లోకంలో ఎప్పుడూ లేనట్టే పోతుంది. సంతకమైన డ్రాయింగు ఏదైనా అలా మారి వస్తే నేను పని ఆపి, ఫోన్ చేసి, ఏం మారిందో, ఎప్పుడు మారిందో అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు చెబుతారు. మొత్తం కలిసినా వేళ్ళు రెండూ రెండు చోట్ల పెట్టి చూడడం మానలేదు. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఒక మనిషి తన ముద్ర కింద తనే గీత గీసుకుంటుంటే పక్కన నిలబడి నేర్చుకున్నాను.

స్లాబు పోసిన కొన్ని వారాలకు, బాల్కనీ కింద పెట్టిన కట్టెలు తీసే రోజు, ఆమె నుంచి మళ్ళీ కండక్టరు చేతే కబురొచ్చింది. సార్, నేను పోయాం. మేస్త్రి ముందు చివరి కట్టె, తర్వాత దాని లోపలిది, అలా సార్ చెప్పిన వరుసలో ఒక్కొక్కటీ తట్టి తీశాడు. అన్నీ తీశాక బాల్కనీ గల్లీ మీద ఒంటరిగా నిలబడింది. సార్ కింద నుంచి అంచు వెంబడి చాలాసేపు చూసి తల ఊపారు.

పైన ఆడవాళ్ళు బాల్కనీ మొదలయ్యే చోటే గుంపుగా ఆగిపోయారు. చేతుల్లో చాటలు ఉన్నాయి. ఎవరూ ముందుకు రావడం లేదు. ఇంటామె నన్ను మెట్ల మీది నుంచి లాక్కొచ్చింది.

"దా లెక్కలామె. నువ్వు కూసుంటెనే మేం కూసుంటం. కాగితం మీద దస్కతు పెట్టినవ్ గద, గీడ గూడ పెట్టు."

"అక్కా, సార్ ముద్ర..."

"సార్ కింద నిలవడ్డడు సూడు, బాల్కనీ నీడకు. ఆయన ఆడ, నువ్వు ఈడ. ఇద్దరు కల్సే దిద్దిండ్రాయె."

అంచు మీదుగా వంగి చూశాను. సార్ నిజంగానే సరిగ్గా కింద నిలబడి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ మేస్త్రితో ఏదో మాట్లాడుతున్నారు. నేను నాలుగో బీము, అయిదో బీము నడుమ, గోడకు దూరంగా, అంచుకు దగ్గరగా కూర్చున్నాను. ఆమె నా ఒళ్ళో చాట పెట్టింది. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. పిల్లలు వచ్చారు. కింద మగ్గాలు మొదలయ్యాయి. సన్నటి అదురు నేలలోంచి మోకాళ్ళకు తెలిసింది, అంతే. ఇక్కడ ఒకరి మాట ఒకరికి వినబడుతోంది.

తునికాకు తడి చూసి, కత్తిరించి, తంబాకు పోసి, ఎన్నేళ్ళ తర్వాతో ఒక బీడీ చుట్టాను. పక్కావిడ అందుకుని చూసి, "దారం వదులుగున్నది" అని విప్పి నా చేతికే ఇచ్చింది.

మళ్ళీ చుట్టాను.